గుట్ట మీది తంగేడు పూలు

సకల జనుల సమ్మె జరిగిన ఏడాది, సద్దుల బతుకమ్మ రోజు, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. భూపాలపల్లి దగ్గర గుట్ట మీద కొత్తగా వెలసిన మా కాలనీకి నేను కార్యదర్శిని. కంచె లోపల ఎవరూ పూలు కోయరాదన్న నియమం నేనే రాశాను.

కింది ఊరి ఎల్లమ్మ, ఆమె కోడళ్లిద్దరు మూడు గంపల తంగేడు, గునుగు పూలతో గేటు దగ్గర దొరికారు.

“అక్కా, గిది మా అవ్వల కాలం సంది పూలు తెంపే గుట్టనే. మీ కాలనీ నిన్న గాక మొన్న వచ్చింది” అంది ఎల్లమ్మ.

“నియమం నియమమే” అంటూ మూడు గంపలూ చెత్తకుండీలో బోర్లించాను. అవి గౌరమ్మకు తెచ్చిన పూలని తెలిసే ఆ పని చేశాను.

కంచె లోపల కోయరాదు, సమ్మె వల్ల బజారు మూతపడింది; మా కాలనీకీ పూలు దొరకలేదు. ఆ ఏడు అందరూ బతుకమ్మ ఆడేది సమ్మె శిబిరం దగ్గరే; సాయంత్రం అక్కడికి ఒట్టి చేతులతో వెళ్లాను. ఎల్లమ్మ గుమ్మడాకు మీద పసుపు గౌరమ్మను మాత్రమే పెట్టుకొని ఉంది.

“గంత దూరం నిలవడ్డవేంది అక్కా? రా, గీమె చుట్టే ఆడుదాం” అంటూ జరిగి చోటిచ్చింది.

చప్పట్లు కొట్టడానికి నా చేతులు లేవలేదు. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగేళ్లు. ఆ సిగ్గు ఇంకా తగ్గలేదు.

ఆ రోజు పోయినవి: తంగేడు రెండు గంపలు, గునుగు ఒక గంప, ఎల్లమ్మ ఇంటి బతుకమ్మ ఒకటి, మా కాలనీ బతుకమ్మ ఒకటి.