పోపుల డబ్బాలో స్క్రూలు

గురువారం పొద్దున పనికి బయల్దేరబోతూ టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే ఫోను మోగింది. అవతల నాలుగిళ్ల పక్కన ఉండే ఆంటీ. “మీ అంకుల్ మనల్ని ఇడిసిపెట్టి పోయిండు బిడ్డా” అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నాకు నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రమే మా గేటు దగ్గర నిలబడి, “రేపు ఏ చెత్త బిన్ను బయట పెట్టాలె బిడ్డా, నల్లదా, పచ్చదా?” అని అడిగి వెళ్లిన మనిషి. ఆయనకు తెలియక కాదు అడగడం, నేను మర్చిపోతానని.

డబ్లిన్ పక్క శాండీఫోర్డ్‌లో ఉద్యోగం చేసే వాళ్లబ్బాయి ఇక్కడికి, కార్క్‌కు చేరుకునేసరికి ఇల్లంతా జనం. పక్కింటి ఐరిష్ ఆవిడ ట్రే నిండా సాండ్‌విచ్‌లు తెచ్చి, కెటిల్ తన చేతుల్లోకి తీసుకుని, వచ్చినవాళ్లందరికీ టీ కాచి పోసింది. ఒక్కొక్కరే ఆంటీ చెయ్యి పట్టుకుని “సారీ ఫర్ యువర్ ట్రబుల్” అన్నారు, ఇక్కడి పరామర్శ మాట అదే. దహనం రింగాస్కిడీ దారిలో ఉన్న దహనవాటికలోనే జరిగింది. పదిహేనేళ్లపాటు ఆయన రోజూ పనికి వెళ్లిన దారి అది.

ఆయన గొప్పవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ మాట చెవిన పడితే “గొప్ప అని ఎవలు టెస్ట్ జేసిన్రు?” అని అడిగేవారు. మా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. నల్లగా, మొద్దుగా, ఏమాత్రం అందం లేకుండా ఉంటుంది. అది మా ఇంటికి ఎలా వచ్చిందో చెబితే చాలు, ఆయన గురించి చెప్పినట్టే.

మూడేళ్ల కిందట మేము ఐర్లాండ్ పడమటి వైపున్న కాజిల్‌బార్ నుంచి కార్క్ వచ్చాం. మా ఆయన డాక్టరు. అక్కడ కాంట్రాక్టు అయిపోయింది, ఇక్కడి ఆస్పత్రిలో పోస్టు దొరికింది. నాకు రింగాస్కిడీలో ఒక మందుల ప్లాంటులో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం వచ్చింది. మా ఇద్దరికీ అంతా బాగానే ఉంది. అప్పటికి పదమూడేళ్ల మా అమ్మాయికే ఏమీ మిగల్లేదు. చిన్నప్పటి నుంచీ జంటగా తిరిగిన ఈఫా అనే స్నేహితురాలు కాజిల్‌బార్‌లో ఉండిపోయింది.

అప్పటి నుంచీ మా పిల్ల నోట్లో ఒకటే మాట. స్కూలు ఎలా ఉంది? “గ్రాండ్.” తిన్నావా? “గ్రాండ్.” ఎవరైనా ఫ్రెండ్స్ అయ్యారా? “గ్రాండ్, మామ్” అని తలుపు వేసుకునేది. ఐర్లాండ్‌లో ఆ మాటకు బాగుందని అర్థం. మా ఇంట్లో మాత్రం ఇక నన్ను అడక్కు అని అర్థం. ఆర్నెల్లు ఇదే తంతు. నా కూతురు నా ఇంట్లోనే ఉంటూ నాకు దూరమైపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఏం చేయాలో తెలియక విసుక్కునేదాన్ని. విసుక్కుంటే పిల్ల ఇంకో గజం దూరం జరిగేది.

అలాంటి రోజుల్లో గేమింగ్ కంప్యూటర్ కావాలంది. అమ్మమ్మ, తాతయ్య ఇచ్చినవీ, పక్కవీధి పసిపిల్లల్ని చూసుకుని సంపాదించినవీ కలిపి ఆరు వందల యూరోలు దాచుకుంది. నేను ఇంతెత్తున లేచాను. “ఇప్పటికే గదిలోంచి బయటికి రావు, ఇక గేములొకటే తక్కువ!” మా ఆయన గొడవ ఎందుకని “ఏదో ఒకటి రెడీమేడ్‌ది కొనేద్దాంలే” అన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఈ రభస జరుగుతుండగా, ఆంటీ పంపిన సకినాలు ఇవ్వడానికి అంకుల్ వచ్చారు. సందర్భం తెలుసుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“కొనుడు తర్వాత ముచ్చట. ముందుగాల కాయితం తియ్ చిట్టీ” అన్నారు మా అమ్మాయితో.

ఆయనా నాలాగే మందుల ప్లాంటు మనిషి. వేరే ప్లాంటులో యంత్రాల ఇంజనీరు. మా ప్లాంట్లలో ఒక పద్ధతి ఉంటుంది. ఏ యంత్రం కొనాలన్నా, అది ఏ పని చేయాలో ముందు రాయాలి. ఆ మొదటి కాగితంలో కంపెనీల పేర్లు, మోడళ్లు ఉండకూడదు. ఎవరికి, ఎందుకు, ఎలా పనిచేయాలి, అంతే. దానికింద క్వాలిటీ వాళ్లు సంతకం పెడితేనే బేరం మొదలవుతుంది.

“బొమ్మ జూసి కొంటే బొమ్మనే వస్తది. నీకేం పని కావాలె, గది రాయి. రాసినంక మీ అమ్మ సంతకం పెడ్తది. మీ ఇంట్ల క్వాలిటీ ఆమెనే గదా.”

“షీ వోంట్ సైన్, అంకుల్” అంది పిల్ల.

“చదవకుండ ఎట్ల పెడ్తది? చదవనియ్ ముందు.”

పిల్ల గదిలోకి వెళ్లి గంటకు తిరిగొచ్చి, కాగితం నా ముందు పడేసి పోయింది. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. మొదటి లైను ఇదీ: “నేను ఈఫాతో కలిసి ఆడాలి. మధ్యలో ఆగిపోకూడదు, ఆగిపోతే ఈఫా వాళ్లు నేను లేకుండా మొదలుపెట్టేస్తారు.”

రోజుకు ఎన్ని కాగితాలు చదువుతానో. ఒక్కోదానిలో ఎన్ని తప్పులు పట్టుకుంటానో. ఆ లైను దాటి నా కళ్లు కిందికి పోలేదు. నా కూతురు గేము అడగలేదు, స్నేహితురాల్ని అడిగింది. ఆర్నెల్లుగా అదే అడుగుతోంది. నేను వినలేదు. అంకుల్ జేబులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చి, సకినం విరిచి నోట్లో వేసుకున్నారు.

ఆ తర్వాత నెల రోజులు ప్రతి శనివారం వాళ్లిద్దరూ మా వంటింటి బల్ల దగ్గరే. మా పిల్ల ఇంగ్లీషులో వాదించేది, ఆయన తెలంగాణ యాసలో జవాబిచ్చేవారు. ఇద్దరికీ అనువాదం అక్కర్లేదు. రంగురంగుల లైట్లు కావాలంటే “దీపాలు దీపావళికి పెట్టుకుందాం తియ్” అనేవారు. అన్నిటికన్నా పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలంటే ఎడ్ల బండి చెప్పేవారు. “కార్డు ఒక ఎద్దు, ప్రాసెసర్ ఇంకో ఎద్దు. ఒకటి ఉరికి ఇంకొకటి నడిస్తే బండి వంకర పోతది. రెండూ ఒక ఈడువి చూడు.” ఒక్క పవర్ సప్లై దగ్గర మాత్రం ఆయన మాట గట్టిగా ఉండేది. కరెంటు ఇచ్చే డబ్బా చవకది కొంటే మిగతా అన్నిటినీ ముంచుతుందని, అది మంచిది కొన్నాకే మిగతా లెక్క అని. “ఉన్నదాన్ల మంచిది కొనాలె. పిండికొద్దీ రొట్టె బిడ్డా, కని రొట్టె మాడొద్దు” అనేవారు.

గ్రాఫిక్స్ కార్డు కొత్తది అందలేదు. వాడినది అమ్మకానికి పెట్టిన ఒక బస్సు డ్రైవరు ఇంటికి ముగ్గురం వెళ్లాం. అంకుల్ దాన్ని అరగంట ఆడించి చూపమన్నారు. అరగంటా ఆ ఫ్యాను పక్కన చెయ్యి పెట్టుకుని, జ్వరం చూస్తున్నట్టు కూర్చున్నారు. ఆ డ్రైవరు వాళ్లమ్మ మాకు టీ పోసి, పళ్ల కేకు కోసి పెట్టింది. వచ్చేటప్పుడు అంకుల్ ఆవిడతో ‘గ్రాండ్’ అన్న తీరుకు మా పిల్ల కారులో పడీపడీ నవ్వింది. అద్దంలో చూశాను. ఆ నవ్వు చూసి నాకు మతి పోయింది.

అందుకే ఆ తప్పు చేశాను. నాకే ఎప్పటికీ నవ్వొచ్చే తప్పు. ఇంకా ఈ భాగాలన్నీ పట్టే పెట్టె, క్యాబినెట్, కొనాల్సి ఉంది. వాళ్ల జాబితాలో ఒక చవక రకం రాసుకున్నారు. పిల్ల మనసు మాత్రం చిన్నగా, తెల్లగా, గాజు తలుపుతో ఉన్న ఒకదాని మీద ఉందని నాకు తెలుసు. ఎవరికీ చెప్పకుండా నా డబ్బుతో అది తెప్పించేశాను. అడక్కుండా మార్పులు చేస్తే అందరి మీదా విరుచుకుపడేది ప్లాంటులో నేనే!

బిగించే ఆదివారం వచ్చింది. బల్ల మీద పాత బెడ్‌షీటు పరిచాం. అంకుల్ తన పోపుల డబ్బా తెచ్చారు. ఆంటీ పాతదని పారేస్తే తెచ్చుకున్న స్టీలు డబ్బా అది. ఏడు గిన్నెల్లో ఏడు రకాల స్క్రూలు. ఎంత కడిగినా పసుపు వాసన, అంచుల్లో పసుపు పోలేదు. ఆయన విడిభాగాలన్నీ ఇలాగే ఎక్కడెక్కడో ఉండేవి. వాళ్లింట్లో హాట్‌ప్రెస్, అదే వేడినీళ్ల ట్యాంకు పక్కన తువ్వాళ్లు పెట్టుకునే అర, తీసి చూస్తే నిండా వైర్లే. “మొగుడు గావాల్నా తువ్వాల గావాల్నా అంటే తువ్వాలనే అంటనమ్మా” అని ఆంటీ వాపోయేది.

తెల్ల క్యాబినెట్ చూసి పిల్ల కళ్లు మెరిశాయి. అన్నీ బిగించారు. చివర్న గ్రాఫిక్స్ కార్డు పెట్టబోతే పట్టలేదు. వేలెడు పొడుగు ఎక్కువైంది. తిప్పి చూశారు, వంచి చూశారు, లాభం లేదు. పిల్ల మొహం వాడిపోయింది. ఆ సాయంత్రం ఆన్‌లైన్‌లోకి వస్తానని ఈఫాకు మాటిచ్చింది.

నేను తిట్ల కోసం ఎదురుచూశాను. అంకుల్ ఒక తెల్లకాగితం అడిగి, నా ముందు పెట్టారు. “తప్పు జరిగితే మీ దగ్గరేం జేస్తరు బిడ్డా? రాస్తరు గదా. రాయి.”

తెలుగులోనే రాశాను. ఏం జరిగింది: కార్డు పట్టలేదు. కారణం: కొలత చూడలేదు.

“గది కారణం గాదు. ఎందుకు చూడలె?”

తొందరపడ్డాను, అని రాశాను.

“ఎందుకు తొందర?”

ఎవరినీ అడగలేదు, అని రాశాను.

“రోజూ మంది చేత అడిగించేదానివి. నువ్వెందుకు అడగలె?”

చికాకేసింది. కానీ ఆయన గొంతులో వెక్కిరింత లేదు, కూర్చుని ఓపిగ్గా చూస్తున్నారు. చివరికి రాశాను. ‘నా కూతురు నన్ను చూసి నవ్వి చాలా రోజులైంది. నా వల్ల ఒక్కసారి నవ్వాలని.’

ఆయన కాగితం తీసుకుని, తెలుగు చదవడం రాని మా పిల్లకు పైనుంచి కిందిదాకా చదివి వినిపించారు. ఒక్క అక్షరం వదల్లేదు. “గిప్పుడు నువ్వు ఒప్పుకుంటే ఈ తప్పు ఫైలు మూసేస్త. పెడ్తవా సంతకం?”

పిల్ల కాగితం తన వైపు లాక్కుంది. “యూ కుడ్ హావ్ జస్ట్ ఆస్క్డ్ మీ, మామ్” అంది. ఆపైన ఆగకుండా స్కూల్లో భోజనం ఎవరితో తింటుందో, ఎవరితోనూ తినదని, కాజిల్‌బార్ యాసను ఎవరో వెక్కిరించారని, అన్నీ చెప్పేసింది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంకుల్ లేచి వెనక తలుపు తీసుకుని తన షెడ్డుకు వెళ్లి, ఇరవై నిమిషాలకు ఒక నల్ల మొద్దు క్యాబినెట్ మోసుకొచ్చారు. ఆ ఇరవై నిమిషాలూ కావాలనే తీసుకున్నారని నాకిప్పటికీ అనుమానం.

సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్ వెలిగింది. నేను గిన్నెలు తోముతున్నాను. పక్క గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న నా కూతురు “ఈఫా! కెన్ యూ హియర్ మీ?” అని అరిచింది. తర్వాత ఒకటే నవ్వులు. కుళాయి కట్టేసి అలాగే నిలబడిపోయాను.

ఆ రోజు మూత బిగించేముందు అంకుల్ ఒక పని చేశారు. లోపలి రేకు మీద తెల్ల స్టిక్కరు అంటించి, స్కేలుతో గళ్లు గీసి, తేదీ, ‘డన్ బై’, ‘చెక్డ్ బై’ అని రాశారు. ఏ పనికైనా ఇద్దరి సంతకాలు ఉండాలి, చేసినవాళ్లు ఒకరు, చూసినవాళ్లు ఒకరు. ఏటా దసరాకు మూత తీసి దుమ్ము దులపాలని నియమం పెట్టారు. వాకిట్లో తన కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నేరుగా మా ఇంటికి వచ్చేవారు. పిల్ల దులిపేది, ఆయన చూసేవారు, దానికో కుంకుమ బొట్టు పెట్టేవారు. స్టిక్కరు అంటించిన రోజున డబ్బా తాలూకు పసుపు వేలికి ఉండిందేమో, ఒక మూలన ఆయన బొటనవేలి ముద్ర పడిపోయింది. “క్వాలిటీ మేడమ్, గిది రాస్కోకు” అన్నారు నాతో.

ఆయన పోయిన మూడు వారాలకు దసరా వచ్చింది. ఆంటీ ఆ పోపుల డబ్బా మా అమ్మాయికి ఇచ్చేసింది. పండగనాడు పొద్దున నేను పులిహోర కలుపుతుంటే గదిలోంచి “మామ్, ఒక్క నిమిషం” అని పిలుపు. ఆ ‘ఒక్క నిమిషం’ తెలుగులోనే అంది. వెళ్లాను. పదహారేళ్ల పిల్ల, కంప్యూటర్ మూత తీసి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దులపడం అయిపోయింది. ‘డన్ బై’ గడిలో సంతకం పెట్టేసింది. పక్క గడి ఖాళీగా ఉంది.

“నువ్వు చెక్ చేయాలి” అని పెన్ను చాపింది. “చూడకుండా సైన్ చేయకూడదు, అంకుల్ సెడ్.”

చూశాను. ఒక్కో స్క్రూను వేలితో తాకి బిగుతు చూశాను. ఫ్యాను రెక్కలు చూశాను. మూల మూలలా వేలు పెట్టాను, ఎక్కడా రవ్వంత దుమ్ము లేదు. అంకుల్ సంతకం కింద నా సంతకం పెట్టాను. అప్పుడు కనిపించింది, స్టిక్కరు మూలన ఆ పసుపు వేలిముద్ర, చుట్టూ సన్నగా మిగిలిన దుమ్ము. అంతా తుడిచిన పిల్ల అక్కడికొచ్చేసరికి కుంచెను పక్కగా తిప్పుకుని పోయింది.