బల్ల వెనక నిలబడిన అక్క

మొన్న మా వెల్డింగు షెడ్డు ముందు లారీ ఆపి, డ్రైవరు కిందికి కూడా దిగకుండా ఒక మాట విసిరేసి పోయాడు. "ఆ డ్యాన్సుది సచ్చిపోయిందంటప్పా, జొరమొచ్చి."

చేతిలో ఉన్న కడ్డీ కింద పడేశాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందొచ్చింది కోపం. పదేళ్లకు పైగా ఆమె తిరుపతిలో, రైలు గేటు పక్కనున్న బ్రాందీ అంగడిలో నిలబడి, గ్లాసుల్లో పోసి బతికింది. ఆ పదేళ్లలో ఎవరి ముందూ ఒక్క అడుగు వేయలేదు. అయినా చచ్చాక కూడా డ్యాన్సుదేనా? ఆ నోటిని నేను మూయలేను. నాకు తెలిసింది రాయగలను, అంతే.

నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. మా అద్దె గదుల వరసలో చివరి గది ఆమెది. అంతకు ముందు రికార్డు డ్యాన్సు బృందంతో జాతర జాతరకూ తిరిగేది. పుత్తూరు దగ్గర ఒక ఊళ్లో ఆడుతుంటే స్టేజీ పలక విరిగి చీలమండ పోయింది. ఎముక అతుక్కునేందుకు పుత్తూరు కట్టు కట్టించి, బృందం వాళ్లు పక్క ఊరికి బండెక్కారు. "కట్టు ఇప్పేలోపల ఇంకొకామెను తెచ్చుకున్న్యారు రా. నా గజ్జెలు గూడా ఆమెకే సరిపోయినాయంట" అని నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

అలా కుంటుకుంటూ వచ్చి బ్రాందీ అంగడిలో పని అడిగింది. ఆడమనిషి బ్రాందీ పోయడమా అని వీధంతా ముక్కున వేలేసుకుంది. సావుకారు మాత్రం ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో అక్కకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె పని చూడాల్సిందే. కొలత గ్లాసును వెలుతురుకు ఎత్తి, తాగేవాడికి చూపించి మరీ పోసేది. నీళ్లు మాత్రం తాను కలిపేది కాదు. "నీ నీళ్లు నువ్వే పోసుకో. రేపు నా సెయ్యి మంచిది కాదనకు" అనేది. జనం ఉన్నంతసేపూ బల్ల దాటి ఇవతలికి వచ్చేది కాదు. ఒకసారి ఎందుకక్కా అని అడిగితే, "స్టేజీ మింద ఉంటే అందురూ నన్ను సూస్తారు. ఈడ నిలబడితే నేను అందుర్నీ సూస్తా" అంది. తాగుడు ఎక్కువైన వాడికి సీసా మూత బిగించి చూపించేది. ఇక ఇంటికి పొమ్మని దానర్థం. నాకు చాలాసార్లు చూపించింది.

అయినా ఆమెను మళ్లీ ఆడిస్తారేమోనన్న భయం మాత్రం నాకు పోలేదు. ఎదురు టీ అంగడి రేడియోలో హుషారు పాట వస్తే చాలు, ఎవడో ఒకడు బల్ల మీద దరువేసి "ఒక్క అడుగెయ్ మే" అనేవాడు. "కాలు ఇరిగిందప్పా" అనేది. కాలు ఎప్పుడో అతుక్కుందని ఊరందరికీ తెలుసు. ఆ పాట అయిపోయేదాకా నేను గ్లాసు ముట్టేవాణ్ణి కాదు.

ఒక ఏడాది గంగజాతర దగ్గరపడగానే సావుకారు బయటపడ్డాడు.

"ఏమ్మే, మైకు సెట్టు చెప్పినా. ఒక్క సాయంత్రం ఆడితే అరిగిపోతావా?"

"నేను పోసేదానికి వచ్చినా అన్నా. ఆడేదానికి కాదు."

"నువ్వు ఆడకుంటే పోసేదానికి ఇంకొకామె వస్తాది. ఆలోసించుకో."

మరునాడు అక్క మా షెడ్డుకు వచ్చింది. "మీ కాడ ఆడోళ్లకు పనుంటాదా రా?"

"వెల్డింగా? కండ్లు పోతాయక్కా."

"కండ్లే గదా పోయేది" అంది.

ఆ మాట తర్వాత నాకు అన్నం సహించలేదు. జాతర చాటింపు వేసినప్పటి నుంచి, ఆ సాయంత్రం ఏమవుతుందో అన్న బెదురే.

మా జాతర సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మొక్కున్న మగవాళ్లు ఆ దినాల్లో ఆడవేషం కడతారు. ఎవరు ఎవరిని ఎంత మాటన్నా తప్పు లేదు. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోస్తే మా అమ్మ మొక్కుకుంది. అందుకని ఆ రోజు నేనూ చీర కట్టి, పూలు పెట్టి, గాజులు వేసుకుని ఉన్నాను. మీసం మాత్రం తీయలేదు.

అంగడి ముందు, బల్లకు ఆనించి, పీపాల మీద పలకలు పరిచారు. మైకులో పాట మొదలైంది. ఈలలు. "ఎక్కు మే" అన్నాడు సావుకారు. ఎక్కితే ఆమె మళ్లీ డ్యాన్సుదే. ఎక్కకపోతే వీధిలో పడుతుంది. నేను చేతి గాజులు పైకి తోసుకుని జనంలోంచి చూస్తున్నాను.

అక్క తడిచేతులు కొంగుకు తుడుచుకుని గొంతెత్తింది. "ఇంతమంది సీరలు కట్టుకోని ఉండారు గదా అన్నా, మద్దెలో నేనెందుకు? మొక్కుకున్నోళ్లు ఆడితేనే గంగమ్మకు సంతోసం." జనంలో వెతికి నా మీద చూపు నిలిపింది. "రేయ్ మీసాలమ్మా! ముందు నువ్వెక్కు!"

జనం విరగబడి నవ్వారు. అమ్మవారి పేరు చెప్పి పిలిచాక జాతరలో కాదనేవాడు ఎవడు? ఎక్కాను. నా వెనక ఒక రిక్షా ఆయన, గుమాస్తా ఒకాయన, కల్లు దించే పెద్దాయన చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఎక్కారు. "నీ నడుం ఇరగ!" అని కింద నుంచి తిట్లు. అంగడి నిండిపోయింది. కోపగించుకునే తీరిక సావుకారుకు దొరకలేదు. సీసాలు అందించడమే సరిపోయింది. మళ్లీ ఏడాది ఆయనే చీరలు కట్టినవాళ్లను పిలిచాడు. అక్కను మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు పలకల మీద చేతకాని గంతులు వేస్తూ నేను ఒకసారి బల్ల వైపు తిరిగాను. ఆ ఎత్తు నుంచి బల్ల అవతల నేల దాకా కనిపించింది. అక్క ముఖం ఎప్పటిలాగే బిగించి ఉంది. కొలత గ్లాసు వెలుతురుకు ఎత్తి ఎవరికో చూపిస్తోంది, చుక్క కూడా తొణకలేదు. కింద, చీర అంచు చాటున, ఆమె రెండు పాదాలూ పాటతో పాటు ఆడుతున్నాయి.