ఆస్టిన్ ఆరు గంటల రేసులో ఆఖరి కారు

కార్ల రేసులంటే నాకు ప్రత్యేకమైన ఆసక్తి లేదు. సునీత కోసం వెళ్లాను. కాకినాడ హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఇద్దరి ఇళ్లలోనూ బడికి వెళ్లిన మొదటి మనుషులం మేమే. ఇప్పుడు తను ఒక చిన్న జట్టులో మెకానిక్. ఆస్టిన్‌లో జరిగే ఆరు గంటల రేసు తనకు మొదటిది.

డల్లాస్ నుంచి ఐ-35 హైవే మీద దాదాపు నాలుగు గంటల ప్రయాణం. మా వీధిలోని రిటైర్డ్ ఇంజనీరు రావు అంకుల్ తన కారులో తీసుకెళ్లారు. టికెట్, పార్కింగ్ వేర్వేరుగా కొనాలి, రెండూ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మేలు. రేసు మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలైనా ఉదయం వెళ్తే ప్రేక్షకులను గ్యారేజీల ముందు దాకా వదులుతారు. సునీత అక్కడే కనిపించింది, తలకు హెల్మెట్, ఒంటికి నిప్పంటని సూటు.

"ఇదేం వేషమే! మీ అమ్మ చూస్తే?"

"సంబంధాలకి ఈ ఫొటోనే పంపించమన్నా. ఒక్కడూ మళ్లీ ఫోన్ చేయలేదు." నవ్వి, వెంటనే గొంతు తగ్గించింది. "గెలవంలేవే. కానీ ముగింపు జెండా మాత్రం దాటాలి. లేకపోతే ఫలితాల్లో మా కారే ఉండదు."

నాలుగింటికి వాన పడి రేసు ఆపేశారు. మళ్లీ మొదలయ్యాక, ఆరింటి ప్రాంతంలో, సునీత వాళ్ల పసుపు కారు మలుపులో జారి గోడకు తగిలింది. ముందుభాగం ఈడ్చుకుంటూ గ్యారేజీలోకి వెళ్లింది. అరగంట దాటినా బయటకు రాలేదు.

"అయిపోయిందమ్మా. ఇప్పుడే స్టార్ట్ అయితే ట్రాఫిక్ తప్పించుకోవచ్చు," అన్నారు అంకుల్. పెళ్లికెళ్లినా అక్షింతలు పడగానే పార్కింగ్ గురించి ఆలోచించడం మనకు అలవాటే. నేనూ లేచాను.

పార్కింగ్ చేరేసరికి లౌడ్‌స్పీకర్‌లో ఆ కారు నంబరు వినిపించింది. మళ్లీ ట్రాక్ మీదకు వచ్చిందట. అంకుల్ తాళం జేబులో వేసుకున్నారు.

"రిపేర్ అవుతుండగా లేచొచ్చేశాను, నేనేం ఇంజనీర్ని! పద పద, పరిగెత్తు!"

కంచె పక్కన నిలబడి చూశాం. ముందంతా టేపులు అంటించుకుని, అందరికన్నా వెనక, పసుపు కారు జెండా దాటింది. అంకుల్ తడిసిన టోపీ తీసి ఊపారు. గెలిచిందెవరో ఇద్దరం గమనించలేదు.

ఆ తర్వాత పార్కింగ్‌లో మా కారు గంటన్నర కదల్లేదు. అంకుల్ పులిహోర డబ్బా తెరిచారు. ఇన్ని గంటల రేసులో చివరి స్థానానికీ ఇంత పని ఉంటుందని నాకు తెలియదు. అప్పుడే సునీత మెసేజ్ వచ్చింది: "చూశావా, వెళ్లిపోయావా?" చూశానని రాశాను. అది అబద్ధం కావడం కాస్తలో తప్పింది. మీరు వెళ్తే ఆ రాత్రికి ఆస్టిన్‌లోనే గది బుక్ చేసుకోండి. రేసు మధ్యలోనే లేచి రావాలన్న తొందర ఉండదు.