చెల్లి పెళ్ళికి నేను కుట్టిన పాట

పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారు. నేను మా చెల్లి పెళ్ళికి ఏకంగా పాడెనే మోసుకెళ్ళాను. ఈ కథ చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. అయినా వదలరుగా, ఇదిగో, ఇంకోసారి.

అప్పట్లో మలేషియాలో, క్లాంగ్ ఊళ్ళో ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో బైబిలు క్లాసు వినేవాణ్ణి. ప్రాచీన యూదులు కొత్త స్తుతిగీతాలు కట్టేటప్పుడు, పాత కీర్తనల్లోంచి ఇక్కడో ముక్క, అక్కడో ముక్క తీసి, తమ కష్టసుఖాలకు తగ్గట్టు మార్చి కుట్టేవారట. ఓస్, ఇంతేనా అనుకున్నాను. పాత ముక్కతో పాటు దాని పాత సందర్భమూ వెంటొస్తుందని మాస్టారు చెప్పే సమయానికి, నేను రోటీ చనాయ్ తినడానికి కిందికి దిగిపోయాను.

వెంటనే చెల్లి పెళ్ళికి తెలుగు పాట కుట్టేశాను. చిక్కేమిటంటే, మా చర్చిలో ఆదివారం పాటలన్నీ తమిళం, ఇంగ్లీషు. రబ్బరు ఎస్టేట్లలో కూలికొచ్చిన తాతల నాటి తెలుగు పాటలు ఇప్పుడు వినపడేది సమాధుల దగ్గరే. నా బుర్రలో ఉన్న ముక్కలన్నీ అక్కడ ఏరుకున్నవే. ఆ సంగతి తడితేగా నాకు!

"తెల్లబట్ట కట్టి, కన్నవారిని విడిచి, నీ ఇంటికొచ్చాను" అని పెళ్ళినాడు చర్చిలో గొంతెత్తాను. పెళ్ళికూతురికి ఎంత బాగా సరిపోయిందో చూడండి!

ముందు వరుసలో పెళ్ళికొడుకు తల్లి. భర్త పోయి ఏడాదైనా తిరక్కుండా పెళ్ళేమిటని మొండికేసి, అందరూ బతిమాలితే ఇపో ఊరి నుంచి వచ్చిన మనిషి. ఆవిడ ఉలిక్కిపడింది. వెనకాల ముసలమ్మలు లేచి నిలబడి నెత్తిన చెంగులు కప్పుకున్నారు. ఒకావిడ శోకం కూడా అందుకుంది.

"ఏటి పాడతన్నావురా!" అమ్మ నా చొక్కా లాగింది. "శవం పెట్టి గోతిలో దించినప్పటి పాటరా అది!"

"మార్చి కుట్టానమ్మా!"

"నీ కుట్టు మండిపోనూ! ఆవిడ ఎల్లిపోతే నీ సెల్లి గతేటి?"

పెళ్ళికొడుకు తల్లి లేచింది. చెల్లి ముఖం చూసి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆవిడ గుమ్మం వైపు పోలేదు, నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"బాబూ, మా ఆయన్ని సాగనంపిన పాట ఇది."

"తప్పయిపోయింది అత్తయ్యా."

"కొడుకు పెళ్ళికి ఆయన రానేదని పొద్దున్నుంచీ ఏడుస్తన్నాను. నువ్వు తీసుకొచ్చినావు. ఆపకు, పాడు."

పాడాను. ముసలమ్మలూ కలిశారు. చెల్లి పెళ్ళి జరిగిపోయింది.

భోజనాల దగ్గర ఆవిడ నన్ను పిలిచింది. "బాబూ, నా సావుకి మాత్రం ఈ పాట పాడనీకు. నీ మొహం గుర్తొచ్చి పెట్టిలోనే నవ్వేస్తాను."

పరలోకం సాక్షిగా ఆ పూటే ఒట్టేసుకున్నాను: ఇంక ఈ జన్మలో ఎవరి పెళ్ళికి పిలిచినా నోరు తెరిచేది లడ్డూకే.