ఊపిరాడే గోడల సుగుణ

సుగుణ ఇక లేదన్న వార్త కరీంనగర్ బస్టాండులో చాయ్ తాగుతుండగా నా చెవిన పడింది. గ్లాసు చేజారి వేయి ముక్కలయిందని రాద్దామనుకున్నాను. కాలేదు. చాయ్ చివరిదాకా తాగిన తర్వాతే, ఎక్కవలసిన బస్సు వదిలేశాను. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. నా సంస్మరణ ఆమె రాయవలసింది. విధి ఆ వరుసను తలకిందులు చేసింది.

నిర్మాణశిల్పి సుగుణకు నేను జీవితకాలం కుడిభుజమని ఇప్పటికే నలుగురికి చెప్పాను. కాంట్రాక్టరుగా ఆమె దగ్గర నేను చేసింది ఒక్కటే పని: భైంసా అవతల, పత్తిచేల నడుమ ఒక ఊళ్లో అంగన్‌వాడీ గది. అందులోనూ సగం రోజులు పోట్లాటే.

అక్కడి పాత గదిలో రేకుల కింద పసివాళ్లు ఎండకు వాడిపోయేవారు. సుగుణ ఎర్రమట్టి గోడలు, గూనపెంకుల కప్పు గీసుకొచ్చింది. స్లాబు తప్ప కుదరదన్నాడు మంజూరు చేయవలసిన అధికారి. ఆమె వాదించలేదు. మే నెల మిట్టమధ్యాహ్నం ఆయనను ఆ రేకుల కిందే చాపమీద కూర్చోబెట్టి, "జరసేపు కూసోండ్రి సార్, మాట్లాడుకుందాం" అన్నది. గంటసేపు కూర్చున్నాడని నేను ఊరంతా చాటాను. పావుగంటే. చొక్కా పిండుకుంటూ లేచి సంతకం చేశాడు. "లోపల కూసోనోడు బయట నిలబడి నక్షా గీయద్దు కాకా" అన్నది నాతో. ఆమె విద్యాసారమంతా ఆ ఒక్క మాటే.

అధికారికన్నా కఠినమైన పరీక్ష పోసవ్వ. ఊరి తల్లుల తరఫున వచ్చి, "పటేండ్ల బంగ్లాలకు స్లాబు, మా పోరగాండ్లకు మట్టా?" అని నిలదీసింది.

"సల్లదనం సుత పటేండ్లకే ఇడుస్తవా అక్కా? ఒక్క వానకాలం సూడు. గోడ నిలవకుంటే నువ్వే కూలగొట్టు, గడ్డపార నేనే అందిస్త" అన్నది సుగుణ.

ఇక నా ఘనకార్యం. సుగుణ ఊళ్లో లేని వారంలో, మట్టిగోడ పరువు కాపాడదామని బయటివైపంతా సిమెంటు పూయించి, అనుమానం రాకుండా ఎర్రరంగు వేయించాను. మట్టిగోడలో చేరిన తడి బయటికి పోవాలి. సిమెంటు ఆ దారి మూసేసింది. తొలి వానలకే పూత పెళ్లలు పెళ్లలుగా ఊడి, గోడమట్టిని కూడా లాక్కుపోయింది. పోసవ్వ గడ్డపారతో వచ్చింది.

సుగుణ గోడ తడిమింది. రాలిన పెళ్ల చూసింది. నన్ను ఒక్కసారి చూసింది. "తప్పు నాదే అక్కా. పూత సరిగ్గ సూస్కోలే. గోడ గట్టిగనే ఉంది, పదిహేను దినాలియ్యి" అన్నది. నేను వినయంగా తల దించుకున్నాను. వినయం కాదు, పిరికితనం.

తల్లులతో కలిసి సిమెంటంతా గీకి, మట్టి, పేడ, గడ్డి కలిపి ఆమె మళ్లీ పూసింది. గోడ నిలిచింది. మరుసటి మే నెలలో ఆ గదిలో పిల్లలు మధ్యాహ్నం హాయిగా నిద్రపోయారు. తప్పంతా వానదేనని నేను చెప్పుకుంటూ తిరిగాను.

మొన్న ఆ ఊరికి పోయాను. తల్లులు గోడకు ఏటేటా వేసే పూత వేస్తున్నారు.

"పోసవ్వా, అప్పటి సిమెంటు నా పనే. సుగుణకు చెప్పకుండ చేసిన."

పోసవ్వ చెయ్యి ఆపలేదు. "ఎర్కే కాకా. బస్తాలు మోసింది మేమే గదా! సుగుణక్క చెప్పిందే అనుకున్నం. గీకేనాడు అక్కను అడిగితే తెల్సింది."

"మరి నన్నెందుకు తిట్టలే?"

"అక్క వద్దన్నది. ముసలాయన సిగ్గుపడితే మల్ల ఇటు రాడు, మట్టిపని నేర్సుకోడు అన్నది. నువ్వేమో రానేలేదు!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"రెండో గది సుత మట్టితోనే కావాలని రాసిచ్చినం" అన్నది పోసవ్వ. స్లాబు కోసం నిలదీసిన నోరే అది. గీసే చేయి ఇక లేదు; అటువంటి చేయి ఈ తరంలో మరొకటి దొరకదు. కోరే నోళ్లను మాత్రం ఆమె తయారుచేసి పోయింది.

"ఊకె నిలబడ్డవేంది? చెప్పులిడిసి మట్టి తొక్కు" అన్నారు తల్లులు.

పొద్దుగూకేదాకా తొక్కాను. సరే, అరగంట. ఆ అరగంట మాత్రం, తల్లీ సుగుణా, అబద్ధం కాదు.