హెన్రీ చిన్ గారి నాయనమ్మ

అమెరికాలోని క్యారీ ఊళ్ళో ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూలు పిల్లలకు చరిత్ర చెప్పిన హెన్రీ చిన్ గారికి సొంత ఇంటి చరిత్ర తెలియదు. దీపం కింద చీకటి అంటే అదే.

ఆయన కోడలు శ్రీలేఖ. పెళ్ళయిన కొత్తలో ఆమె మొదలుపెట్టిన ‘మామయ్యా’ అనే పిలుపుకు ఆయన ఇప్పుడు ఠక్కున పలుకుతారు. ఎనభై రెండేళ్ళ ఆ మనిషికి మిగిలిన కోరిక ఒక్కటే. చైనాలో తండ్రి పుట్టిన ఊరు చూడాలి, నాయనమ్మ సమాధి శుభ్రం చేసి దణ్ణం పెట్టాలి. తండ్రి జార్జియాలో లాండ్రీ నడిపేవాడు. ఇస్త్రీ చేస్తూనే ఆ ఊరి ఆనవాళ్ళు కొడుకు చేత వల్లె వేయించేవాడు. గుమ్మానికి ఏడు మెట్లు, బావి తూర్పున, బియ్యం కుండ మెట్ల కింద. హెన్రీ గారు తన పిల్లలను నిద్రపుచ్చుతూ అవే చెప్పారు. ఏప్రిల్‌కి టికెట్లు కూడా కొన్నారు.

ప్రయాణం ఇంకో వారం ఉందనగా, ఆ ఊరివాళ్ళకు చూపించడానికి హాల్లోని నాయనమ్మ ఫొటోను స్కాన్ చేద్దామని శ్రీలేఖ ఫ్రేము విప్పింది. ఏటా అగరొత్తులు వెలిగించి, నారింజ పళ్ళు పెట్టి దణ్ణం పెట్టేది ఆ ఫొటోకే. పట్టుబట్టల్లో నిండుగా కూర్చున్న ఆ పెద్దావిడ వెనక, నాలుగు మడతల కాగితమొకటి, అరచేతిలో పట్టేంత ఇంకో ఫొటో బయటపడ్డాయి.

“మామయ్యా, ఇదేంటో ఒకసారి చూడండి.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని చైనీసు అక్షరాలు కూడబలుక్కున్నారు. మొహం వెలిగిపోయింది. “ఇంటికి మెట్లెన్ని? ఏడు. బావి ఎక్కడ? తూర్పున. అన్నీ నాకు తెలిసినవే, శ్రీ!”

చివరి వరుస దగ్గర కాగితాన్ని కళ్ళకు ఇంకా దగ్గరగా తెచ్చుకున్నారు.

“ఏం రాశారు?”

“‘అడిగితే చిన్ గారి కొడుకుననే చెప్పు. నీ అసలు ఇంటిపేరు నిద్రలో కూడా అనకు.’”

తండ్రి అమెరికా వచ్చింది, చైనా కూలీలను ఇక్కడ అడుగు పెట్టనివ్వని రోజుల్లో. ఇక్కడ పౌరులైన చైనావాళ్ళ కొడుకులైతే రానిచ్చేవారు. అందుకని ఎందరో ఎవరో ఒకరికి కొడుకులుగా కాగితాలు పుట్టించుకుని, ఆ ఇంటి ఆనవాళ్ళు బట్టీపట్టి, అధికారుల ప్రశ్నలు దాటుకుని వచ్చారు. హెన్రీ గారు ఏటా క్లాసులో చెప్పిన పాఠమే అది. తండ్రి చెప్పినవి సొంతూరి ముచ్చట్లు కావు, పరీక్ష జవాబులు. పట్టుబట్టల ఆవిడ ఎవరి తల్లో.

“ఊహ తెలిసినప్పటినుంచీ పరాయి మనిషికి దణ్ణం పెట్టాను,” అన్నారాయన. “టికెట్స్ క్యాన్సిల్ చేసెయ్. నాకు ఊరు లేదు.”

శ్రీలేఖ తద్దినం నాడు మూడు తరాల పేర్లు తడుముకోకుండా చెప్పే ఇంట్లో పుట్టిన పిల్ల. ఈయనకేమో సొంత ఇంటిపేరే లేకుండా పోయింది.

చిన్న ఫొటోలో, పొలం గట్టు మీద చెప్పుల్లేకుండా నిలబడ్డ ఒక బక్కపలచటి ఆడమనిషి. వెనక తండ్రి చేతిరాతలో ఒకటే మాట, అమ్మ. పేరు లేదు, ఊరు లేదు.

శ్రీలేఖ ఫ్రేము అట్టను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నడిమధ్యలో, చిన్న ఫొటో పట్టేంత చోటుకు నాలుగు మూలలా పాత జిగురు మరకలున్నాయి, ఫొటో వెనకవైపు కూడా అవే. చిన్న ఫొటోను అక్కడ ఊరికే దాచలేదు. సరిగ్గా పెద్దావిడ వెనక, ముఖం హాలు వైపుకు ఉండేలా అంటించారు.

“మామయ్యా, మీరు పరాయావిడకు పెట్టలేదు. మీ నాన్నగారు ఇన్నాళ్ళూ మీ చేత ఈవిడకే దణ్ణం పెట్టించారు.”

ఆయన చాలాసేపు ఆ అట్టను తడిమి చూశారు. తరవాత కుర్చీ ఆసరాతో లేచి, చిన్న ఫొటో ముందు నడుము వంచారు. మళ్ళీ నిటారుగా నిలబడడానికి కోడలి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

“మా నాన్న ఎంత భయపడి ఉంటాడు శ్రీ,” అన్నారు. “సొంత ఇంట్లో, సొంత కొడుక్కి, తన తల్లిని చూపించలేకపోయాడు.”