తాను తినని పువ్వు

పూలక్కకు నోరెక్కువ. పెరట్లో నస్టర్షియం అనే తినే పూలు పెంచి హోటల్ వంటింటికి ఇచ్చి రావడం ఆమె పని. "పూలు తినడమేంటి, మేమేమన్నా మేకలమా?" అని ఎవరైనా అన్నారో, అయిపోయారే! "ఒక్కటి నమిలి చూడు, ఆవాల ఘాటు నషాళానికి అంటుతుంది" అంటూ నోట్లో కుక్కేదాకా వదిలేది కాదు. ఈ మొక్కకు ఎరువు పెట్టి ముద్దు చేస్తే ఒళ్లంతా ఆకులేసుకుని పూయడం మానేస్తుందని, పీనాసిగా పెంచాలని చెప్పి తనే పకపకా నవ్వేది.

ఆమెకో పద్ధతి ఉండేది. హోటల్ వంటింట్లో పూల డబ్బా మూత తీసి, మొదటి పువ్వు వంటామె ఎదుటే తాను తినేది. "పురుగుల మందు చుక్క తగల్లేదు, పూచీ నాది" అనేది. కడిగితే వాడిపోతాయని వంటామె ఆ పూలను అలాగే పళ్లేల్లో పెట్టేసేది. నాలుగేళ్లుగా ఇదే వరస.

ఆ వారం మొక్కలకు పేనుబంక పురుగు పట్టింది. సబ్బు నీళ్లు కొట్టింది, వేళ్లతో నలిపింది, ఊహూఁ, లొంగలేదు. హోటల్లో నూట యాభై మందికి పెద్ద విందు. మనిషికో పువ్వు కావాలన్నారు. లేవని చెప్పడం నామోషీ అనిపించింది. గులాబీల కోసం ఉంచిన పురుగుల మందు కొట్టేసి, మర్నాడు పూలు కోసుకుని వెళ్లింది.

వంటింట్లో మూత తీసింది. చెయ్యి పువ్వు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

"ఏంటక్కా, ఇవాళ తినవా?" అంది వంటామె.

"కడుపులో బాగోలేదే."

"అయ్యో! అయితే నీ వంతు కూడా నాదే" అని నవ్వుతూ వంటామె ఓ పువ్వు నోటిదాకా తీసుకెళ్లింది.

పూలక్క గబుక్కున ఆ చెయ్యి పట్టేసుకుంది. "వద్దే! మందు కొట్టాను."

కూరలు తరిగేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు అందరూ ఇటు తిరిగారు. పూలక్కకు తల కొట్టేసినట్టయింది. వంటామె డబ్బాను చెత్తబుట్టలో బోర్లించింది. నాలుగు తిట్టినా పడి ఉండేది పూలక్క. వంటామె తిట్టలేదు.

"మందు కొట్టినందుకు కాదక్కా నా బాధ. నేను నోట్లో పెట్టుకోబోయాను కాబట్టి ఆపావు. లేకపోతే ఆ నూట యాభై మందికీ వడ్డించనిచ్చేదానివేగా?"

కాదని ఒక్క మాటంటే చాలు. అందామనే పూలక్క నోరు తెరిచింది. కానీ వంటామె కళ్లలోకి చూస్తూ మరో అబద్ధం ఆడలేకపోయింది.

"అవునే" అంది.